కోళ్లు గూట్లో, బాతులు బందలో

విజయనగరం జిల్లా చీపురుపల్లి వైపు ఒక పల్లె నుంచి ఒక పాఠకురాలు నాలుగు పేజీల ఉత్తరం రాశారు. పేరు వేయొద్దన్నారు. సంగతి ఇదీ.

ఆమెకు ముప్పై నాలుగేళ్లు. భర్త విశాఖలో ఒక కంపెనీలో షిఫ్టు పని చేస్తారు. శనివారం రాత్రి వచ్చి సోమవారం తెల్లవారుజామునే వెళ్లిపోతారు. ఇంట్లో ఉండేది ఆమె, అత్తగారు, నాలుగో తరగతి చదివే బాబు. ఒక ఆవు, ఏడెనిమిది నాటుకోళ్లు ఉన్నాయి. పోయిన సంక్రాంతి ముందు బాబు పేచీ పెడితే సంతలో పది కాకీ క్యాంప్‌బెల్ బాతు పిల్లల్ని కొన్నారు. రెండు పసితనంలోనే పోయాయి. ఒకదాన్ని వేసవిలో కుక్క పట్టుకుపోయింది. దసరా వెళ్లిన వారానికి ఇంకొకటి రాత్రి కనిపించలేదు. తెల్లారి చూస్తే బంద (ఊరి చిన్న చెరువు) గట్టు మీద ఈకలు మాత్రం ఉన్నాయి. ఇప్పుడు మిగిలినవి ఆరు: ఐదు ఆడవి, ఒకటి మగది.

పెరడు దాటితే ఊరి బంద, బంద దాటితే వరి మళ్లు. పొద్దున్న వదిలిన బాతులు రోజంతా అక్కడే. సాయంత్రం కోళ్లు ఎవరూ పిలవకుండానే గూటికి చేరతాయి. బాతులు రావు. ఆమె పాలు పితికి, కేంద్రంలో పోసి వచ్చి, ఆరుంపావుకు కర్ర పట్టుకుని బయల్దేరతారు. ఈ గట్టు నుంచి తోలితే ఆ గట్టుకు ఈదుతాయి. పంచాయతీ వాళ్లు గట్టు మీద కొత్తగా వేసిన ఎల్ఈడీ లైటు కింద గుంపుగా తిరుగుతుంటాయి. రాళ్లు విసిరి, మోకాలి లోతు నీళ్లలోకి దిగి, దొరికినదాన్ని దొరికినట్టు కాలు పట్టి లాగి గూట్లో వేసేసరికి ఏడున్నర. అప్పుడు వంట. మధ్యలో భర్త ఫోను. వారం కిందట అలా లాగిన బాతు ఒకటి కుంటుతోంది. "దాన్ని చూస్తే నాకే ఏడుపొచ్చింది" అని రాశారు.

అత్తగారేమో "మా రోజుల్లో బాతులు వాటంతట అవే వచ్చేవి, నీకు అలవాటు చెయ్యడం చేతకాలేదు" అంటున్నారు. భర్త "సంతలో అమ్మేయ్, ఈ టెన్షన్ నీకెందుకు" అంటున్నారు. మరిది నక్కకీ కుక్కలకీ మందు పెడతానంటున్నాడు. బాబు ఆరింటికీ పేర్లు పెట్టుకున్నాడు. ఉత్తరం చివర ఇలా ఉంది: "నాకు నిజంగా బాతుల్ని అలవాటు చెయ్యడం రాదా, లేక సాయంత్రం పనులన్నీ నా ఒక్కదాని మీదే పడుతున్నాయన్న కోపం వాటి మీద తీర్చుకుంటున్నానా, నాకే తెలియట్లేదు. ఏం చెయ్యమంటారు?"

అమ్మా,

మీ ఉత్తరం రెండోసారి చదువుతూ ఒక మాట దగ్గర ఆగాను. "వేసవిలో కాస్త నయం, పిలిస్తే సగమైనా వచ్చేవి, దసరా వెళ్లాకే మరీ మొండికేశాయి" అన్నారు. దసరా నుంచి మారింది బాతులు కాదు, పొద్దు. మీరు అప్పుడూ ఇప్పుడూ పాల కేంద్రం నుంచి వచ్చాక ఆరుంపావుకే బందకు వెళ్తున్నారు. మే నెలాఖరులో మన వైపు పొద్దు గుంకేది ఆరున్నర కావస్తుండగా. కార్తీకం ముగిసేసరికి ఐదుంపావు దాటగానే వాలిపోతుంది. అంటే వేసవిలో మీరు ఇంకా ఎండ పొడ ఉండగానే వెళ్లేవారు, ఇప్పుడు పొద్దు గుంకి గంటైపోయాక వెళ్తున్నారు.

చీకటి పడ్డాక కోడిని పట్టుకోవడం తేలిక, బాతుని పట్టుకోవడం కష్టం. ఈ తేడా తెలియకపోవడం వల్లే ఈ బాధంతా. కోడికి మసకలో చూపు ఆనదు. వెలుగు తగ్గుతుంటే దానికి లోపల నుంచే తొందర పుడుతుంది, ఎక్కడో ఎత్తు మీదకు చేరి ముడుచుకోవాలని. మనం అలవాటు చేశామని అనుకుంటాం గానీ అది మన గొప్ప కాదు. బాతుకి మసక వెలుతురు చాలు. ఎత్తు ఎక్కే అలవాటూ లేదు. సీమబాతు (మస్కోవీ) ఒక్కటి మినహాయిస్తే మనం పెంచే బాతులన్నీ మల్లార్డ్ అనే అడవి బాతు సంతతి. అది రాత్రి నీళ్ల మీదే కునుకు తీస్తుంది, అదీ ఒక కన్ను తెరిచి. 1999లో అమెరికాలో ఈ మల్లార్డ్‌లను నాలుగేసి చొప్పున వరసలో ఉంచి నిద్రను గమనించారు. మధ్యలో ఉన్నవి హాయిగా రెండు కళ్లూ మూశాయి. వరస చివర్లలో ఉన్నవి బయటి వైపు కన్ను తెరిచే ఉంచి, మెదడులో సగాన్నే నిద్రపుచ్చాయి. అలాంటి జాతిని "చీకటి పడింది, లోపలికి పద" అంటే దానికి అర్థం కాదు. నీళ్లున్నాయి, కన్ను తెరిచి ఉంది, తోడున్నాయి. ఇంకెందుకు భయం?

పైగా మీ బందకు లైటు వచ్చింది. దాని కింద పురుగులు రాలతాయి. బాతులకి అది రాత్రి భోజనం. మీరు వాటిని తిండి దగ్గర నుంచి లేపి చీకటి పెట్టెలోకి తరుముతున్నారన్న మాట.

అయితే అడవి బాతుకి పెద్ద చెరువుంటుంది, నడి నీళ్లలో ఉండిపోతుంది. మీ బందలో కార్తీకం తర్వాత నీళ్లెంత? తెల్లారేలోపు గట్టెక్కి పడుకుంటాయి. దసరా తర్వాత పోయింది అలాగే పోయుంటుంది. కాబట్టి రాత్రి లోపల పెట్టాలన్న మీ పట్టుదల సరైనదే. పద్ధతే వాటికి ఎదురు తిరిగింది.

నొప్పించినా ఇక్కడొక మాట చెప్పాలి. మీ బాతులకి అలవాటు కాలేదనుకుంటున్నారు. బాగా అయింది. రెండు నెలలుగా ప్రతి సాయంత్రం ఒకే పాఠం నేర్చుకున్నాయి: ఆ మనిషి కర్రతో గట్టు మీదకొస్తే రాయి పడుతుంది, కాలు పట్టి లాగుతారు, కాబట్టి నడి నీళ్లలోకి పోవాలి. చెప్పినట్టే పోతున్నాయి. నన్నడిగితే ఇవాళ్టి నుంచి మానాల్సిన మొదటి పని ఆ తరమడం. గూటి అలవాటు ఆ తర్వాతి మాట.

ఇప్పుడు అత్తగారి మాట. ఆవిడ మిమ్మల్ని దెప్పడానికి అన్నారేమో నాకు తెలియదు గానీ, అబద్ధం చెప్పి ఉండరు. ఒకసారి ఆవిణ్ణి నెమ్మదిగా అడగండి: "అత్తా, అప్పట్లో బాతు గుడ్లు దేని కింద పెట్టి పొదిగించేవారు?" నేను పందెం కాస్తాను, కోడిపెట్ట కింద అంటారు. మన పల్లెల్లో ఎప్పుడూ ఉన్న పద్ధతే. కోడి గుడ్డుకి ఇరవై ఒక్క రోజులైతే బాతు గుడ్డుకి ఇరవై ఎనిమిది, పాపం పెట్ట ఇంకో వారం ఓపిగ్గా కూర్చుంటుంది. పిల్లలు నీళ్లలోకి దిగితే గట్టు మీద అటూ ఇటూ పరిగెత్తి గొల్లుమంటుంది. కానీ సందె వేళకు తను గూటికి పోతుంది, పిల్లలు తల్లి వెనకే పోతాయి. నెలా రెండు నెలలు అలా పోయాక తల్లి వదిలేసినా దారి మరిచిపోవు. తర్వాత వచ్చిన పిల్లలు పెద్ద వాటి వెనక నడుస్తాయి. అత్తగారి బాతులకి అలవాటు చేసింది అత్తగారు కాదు, ఆవిడ కోడిపెట్ట. మీవి సంత పిల్లలు, యంత్రంలో పొదిగినవి. తల్లి ఎవరో తెలియదు, ముందు నడిచే పెద్ద బాతు లేదు. ఆ తల్లి పని ఇప్పుడు ఎవరో ఒకరు చెయ్యాలి.

ఎవరన్నది తర్వాత చెబుతాను. ముందు గూడు. మీరు రాసిన వివరాలు చూస్తే అది పాత కోళ్ల గూడు: రెండడుగుల కాళ్ల మీద ఎత్తుగా ఉంది, నిలువుగా వాల్చిన పలక మీంచి ఎక్కాలి, అడుగు వెడల్పు తలుపు, పైన ఇనప రేకు, లోపల చిమ్మచీకటి. కోడికి ఇది మేడ. బాతుకి మాత్రం గుహ. బాతు కాళ్లు ఈతకు చేసినవి, ఎక్కడానికి కావు. ఇంకొకటి, బాతులు ఒక్కొక్కటిగా వరసలో ఇరుకు సందులోంచి దూరవు, పక్కపక్కనే గుంపుగా వెళ్తాయి. ముందున్నది ఆగితే వెనకవన్నీ తిరిగిపోతాయి. తలుపు రెండడుగుల వెడల్పైనా ఉండాలి. గూడు నేల మీదే ఉండాలి, కింద ఊక గానీ ఎండుగడ్డి గానీ పొడిగా పరవాలి. బాతు రెట్టలో నీళ్లెక్కువ కాబట్టి పైన గాలి ఆడే జాలీ లేకపోతే ఘాటు వాసనకి వాటి కళ్లే మండుతాయి. ఆరు బాతులకి ఆరడుగుల పొడవు, నాలుగడుగుల వెడల్పు చోటు చాలు. రేకు మీద కొబ్బరి మట్టలో తాటాకో కప్పండి. చలికాలం ఫర్వాలేదు గానీ, చైత్ర వైశాఖాల్లో సాయంత్రం ఆరింటికి కూడా ఆ రేకు కింద చెయ్యి పెట్టలేం, ఏ బాతూ దూరదు. లోపల మూలగా చిన్న జీరో బల్బు పెడితే సగం భయం పోతుంది. లోపలికి వచ్చాక ఆర్పేసినా ఏం కాదు.

జాలీ గురించి అనుభవం మీద చెబుతున్నాను. కోళ్ల దుకాణంలో అమ్మే పలచని ఆరు పలకల జాలీ కోడిని లోపల ఉంచుతుంది గానీ కుక్కను బయట ఆపదు, పంటితో చింపేస్తుంది. అరంగుళం కన్ను ఉన్న వెల్డ్ మెష్ వేయించండి. కింద ఒక అడుగు మట్టిలోకి దిగేట్టు పాతండి, నక్క తవ్వుతుంది. తలుపుకి తాడు కాదు, గొళ్లెం. ఒకప్పుడు నేను "రేపు పెట్టిద్దాంలే" అనుకుని పురికొస చుట్టి పడుకున్నాను. తెల్లారేసరికి తలుపు వారగా తెరుచుకుని ఉంది, మూడు బాతులు లేవు. ఎవర్నీ అనడానికి లేదు, బద్ధకం నాదే.

ఇక మీ ముందున్న దారులు.

మొదటిది ఓపిక దారి. నాకిదే ఇష్టం, కానీ రెండు వారాలు పడుతుంది, ఆ రెండు వారాలు సడలించకూడదు. గూటి ముందు ఒక చిన్న ఆవరణ, పది పన్నెండడుగులు, దడి కట్టండి లేదా వల చుట్టండి. బాతులు ఎగరలేవు కాబట్టి మూడడుగుల ఎత్తు చాలు. ఆఖరిసారి ఒకటే రోజు, పగలే, మెల్లగా అన్నింటినీ అందులోకి చేర్చి, నాలుగైదు రోజులు బయటికి వదలకండి. పగలు ఆవరణలో, రాత్రి గూట్లో. తల ముంచుకునేంత లోతు నీళ్ల టబ్బు పెట్టండి. ఈదకపోతే చచ్చిపోవు. ముక్కు రంధ్రాలు, కళ్లు కడుక్కోవడానికి నీళ్లు లేకపోతేనే ఇబ్బంది. ఈ నాలుగైదు రోజులు అరుస్తాయి, గుడ్లు తగ్గుతాయి. పక్కింటి వాళ్లు అడిగితే కారణం చెప్పండి.

ఈ రోజుల్లోనే పిలుపు అలవాటు చెయ్యాలి. సాయంత్రం మేత గూటి లోపలే పెట్టాలి, ఇంకెక్కడా కాదు. పెట్టే ముందు ప్రతిసారీ ఒకే బకెట్టు ఒకే గరిటెతో టకటకమని వాయించి ఒకే పిలుపు పిలవాలి. మా ఇంట్లో "దా దా దా" అనేవాళ్లం, మీ నోటికి ఏది సులువైతే అది. ఆరో రోజున పొద్దు గుంకడానికి గంట ముందు, ఖాళీ కడుపు మీద, వదలండి. అరగంటకే వాయించి పిలవండి. మర్నాడు గంటన్నర ముందు వదలండి, అలా రోజుకి కాస్త కాస్త వెనక్కి జరుపుకుంటూ పోతే రెండో వారం ముగిసేసరికి పగలంతా వదలొచ్చు.

ఒక చిక్కు ఉంది, ఇది మీ కాలానికే సంబంధించినది. ఇప్పుడు కోతలు. మళ్లలో రాలిన గింజలు, నత్తలు, పురుగులు తిని కడుపు నింపుకున్న బాతుకి మీ తవుడు ఏం రుచిస్తుంది? అందుకని ఈ నెలా పొద్దున్న మేత మానెయ్యండి, సాయంత్రానికి వాటికి ఇష్టమైనదే ఉంచండి: నానబెట్టిన నూకలు, తడిపొడిగా కలిపిన తవుడులో చితక్కొట్టిన నత్తలు, చేపలు కడిగిన రోజు ఆ పొట్ట భాగాలు. గుప్పెడు చాలు. వేరుశనగ చెక్క మాత్రం వద్దంటాను. మన ఉత్తరాంధ్రలో చవగ్గా దొరుకుతుంది, పశువులకి పెడుతుంటారు, అందుకే ప్రత్యేకంగా చెప్పడం. చెక్కకి బూజు పడితే పుట్టే విషానికి బాతులు చాలా సున్నితం. 1960లో ఇంగ్లండులో లక్షకు పైగా టర్కీ కోళ్లు ఎందుకు పోయాయో తెలియక తలలు పట్టుకుంటే, చివరికి తేలింది బూజు పట్టిన వేరుశనగ పిండే. ఆ సమయంలో బాతు పిల్లలూ పోయాయి.

మేత పక్కన నీళ్లు ఎప్పుడూ ఉండాలి. బాతు నీళ్లు లేకుండా పొడి మేత మింగితే గొంతులో అడ్డుపడుతుంది. రాత్రి గూట్లో మేత ఉంచితే నీళ్లూ ఉంచండి, లేదా రెండూ తీసెయ్యండి. నేనైతే తిని తాగాక రెండూ తీసేస్తాను, ఊక పొడిగా ఉంటుంది.

ఇక తోలడం. ఎప్పుడైనా తోలాల్సి వస్తే గోదావరి, నెల్లూరు వైపు కోత మళ్ల వెంట వందల బాతుల్ని తిప్పేవాళ్లని తలుచుకోండి. ఒక మనిషి, ఒక పొడుగాటి కర్ర, కర్ర చివర గుడ్డ ముక్క. అతను పరిగెత్తడు, అరవడు, రాయి వెయ్యడు. గుంపు వెనక దూరంగా నడుస్తాడు. కుడికి తిప్పాలంటే ఎడమ పక్క కర్ర చాస్తాడు. బాతులు ఆగితే అతనూ ఆగుతాడు. మీరూ అంతే: కర్ర నేలకు దగ్గరగా, చెయ్యి చాపినట్టు పట్టుకోండి. గుంపుని చీల్చకండి. ఒకటి తప్పించుకుంటే దాని వెంట పడకండి, మిగతా ఐదింటినీ లోపలికి పంపండి. ఒంటరి బాతు రెండు నిమిషాలు కూడా ఉండలేదు, అరుచుకుంటూ అదే వస్తుంది. తలుపు దగ్గర ఆగి మెడలు చాచి లోపలికి చూస్తాయి, అప్పుడు వెనక నుంచి తొయ్యాలని చెయ్యి దురద పెడుతుంది. ఆ ఒక్క నిమిషం ఊరుకోండి.

వేళ గురించి మళ్లీ చెబుతున్నాను, ఇదే అసలు సంగతి. బాతుల పని పాల పని కన్నా ముందుకు రావాలి. కోళ్లు గూడెక్కక ముందే, పొద్దు గుంకడానికి అరగంట ముందు, అంటే ఈ రోజుల్లో ఐదింటికి అయిదు పది నిమిషాలు ముందే. సంక్రాంతి దాటాక రోజులు సాగుతాయి, అప్పుడు మీరూ కాస్త కాస్త ఆలస్యంగా మొదలుపెట్టండి. గోడ మీది గడియారం ఈ పనికి పనికిరాదు.

పొద్దున్న మాత్రం తొందరపడకండి. బాతులు ఎక్కువగా తెల్లవారుజామున పెడతాయి. ఎనిమిది, ఎనిమిదిన్నర దాకా తలుపు తియ్యకపోతే గుడ్లన్నీ మీ ఊకలోనే ఉంటాయి. ఇన్నాళ్లూ "గుడ్లు సరిగా పెట్టట్లేదు" అన్నారు కదా, కొన్ని బంద గట్టు తుంగలో వదిలేసి ఉంటాయి. బాగా చూసుకుంటే కాకీ క్యాంప్‌బెల్ ఏడాదికి రెండు వందల యాభై దాటి పెట్టే జాతి. మీవారికి ఈ లెక్క చెప్పి చూడండి.

రెండో దారి, వాటిని బందకు వదలడమే మానేసి పెరట్లో పూర్తిగా కట్టుదిట్టం చేసుకోవడం. వెతుకులాట, తోలడం, నక్క భయం ఒక్క దెబ్బతో పోతాయి. ఇంకో మేలు కూడా ఉంది. చలికాలంలో శ్రీకాకుళం జిల్లా తేలినీలాపురానికి గూడబాతులు (పెలికాన్ పక్షులు) వచ్చినట్టే మన ఊరి చెరువుల్లోకి కూడా వలస బాతులు దిగుతాయి. బర్డ్ ఫ్లూ వైరస్ అడవి బాతుల నుంచి నీళ్ల ద్వారా పెంపుడు వాటికి రావచ్చు, పైకి ఏమీ కనిపించకుండానే మన బాతులు కోళ్లకు అంటించగలవు. కానీ ఖర్చు మీ మీద పడుతుంది. బందలో ఉచితంగా దొరికే తిండి పోయి, ఒక్కోదానికి రోజుకు నూట యాభై గ్రాముల దాకా మేత కొని పెట్టాలి. టబ్బు నీళ్లు రోజూ మార్చాలి, ఆ బురద, ఆ వాసన పెరట్లోనే. ఆ నీళ్లు అరటి మొక్కలకు, కొబ్బరి చెట్టుకు పారేట్టు చిన్న కాలవ తీస్తే వృథా పోవు. ఒంటరిగా ఇల్లు నెట్టుకొస్తున్న మీకు ఇది తేలికగా కనిపించొచ్చు, కానీ సాయంత్రం మిగిలిన గంటను పొద్దున్న టబ్బు కడగడం తినేస్తుంది. నాకు మనసొప్పదు గానీ, బందలో నీళ్లు అడుగంటే మార్చి నుంచి జూన్ దాకా మాత్రం ఇలా చేసి, వానలు పడ్డాక వదలడం కొందరికి కుదిరింది.

మూడోది అమ్మెయ్యడం. మీవారు అన్నదాన్ని నేను కొట్టిపారెయ్యను. వారానికి ఒక్క సాయంత్రం ఇంట్లో ఉండే మనిషికి అది ఒక్క మాటతో అయిపోయే సమస్యగా కనిపిస్తుంది, కనిపించడంలో తప్పు లేదు. నిజంగా మీ వల్ల కాకపోతే అమ్మండి, అందులో చిన్నతనం లేదు. కాకపోతే సంతలో అమ్మితే కూరకే పోతాయి. బాబుకి "వేరే ఊళ్లో బాగున్నాయి" అని చెప్పకండి, తొమ్మిదేళ్ల వాడికి తెలిసిపోతుంది. చెప్పదలిస్తే ముందే నిజం చెప్పండి, లేదా బాతులు పెంచే ఇల్లేదైనా చూసి అక్కడికి ఇవ్వండి. అక్కడ పెద్ద బాతులుంటే మీవి వారంలో వాటి వెనకే గూటికి నడుస్తాయి.

మరిది చెప్పిన మందు మాత్రం ఏ దారిలోనూ లేదు. నక్క, అడవిపిల్లి 1972 వన్యప్రాణి రక్షణ చట్టం కిందికి వస్తాయి, చంపితే కేసు. ఆ మాంసం నక్కే తినాలని లేదు, ఊరి కుక్క తినొచ్చు, మీ ఆవు మేసే గడ్డి మీద పడొచ్చు. కరెంటు తీగ మాటెత్తితే ఇంకా గట్టిగా వద్దనండి. మన జిల్లాల్లో ఆ తీగలకి మనుషులే పోతున్నారు. ఆ డబ్బుతో వెల్డ్ మెష్ కొనమనండి, దడి కట్టడానికి ఒక ఆదివారం రమ్మనండి. కోపం ఎటూ ఉంది కాబట్టి పనికి పెట్టుకోవచ్చు.

కుంటుతున్న బాతు సంగతి. బాతుని కాలు పట్టి ఎత్తకూడదు, దాని ఒళ్లు బరువు, కాళ్లు పీల. రెక్కలు ఒంటికి అదిమి, ఒక చెయ్యి పొట్ట కింద పెట్టి ఎత్తాలి. దాన్ని కొన్నాళ్లు మెత్తటి ఊక మీద విడిగా, కానీ మిగతావి కనిపించేట్టు ఉంచండి. అరికాలు తిప్పి చూడండి, నల్ల పొక్కు గానీ వాపు గానీ ఉంటే అది లాగడం వల్ల కాదు, పుండు. నాలుగు రోజుల్లో కాలు మోపకపోతే 1962కి ఫోన్ చేస్తే సంచార పశువైద్య బండి వస్తుంది. గరివిడి పశువైద్య కళాశాల మీకు పక్కనే, ఆవును చూపించే వాళ్లకి బాతును చూపించడానికి మొహమాటం అక్కర్లేదు. వెళ్లినప్పుడే బాతుల ప్లేగు టీకా గురించి అడిగి రండి.

ఇక మీ చివరి ప్రశ్న. కోపం బాతుల మీదా, ఇంట్లో వాళ్ల మీదా అని అడిగారు. రెండూ ఉన్నాయి. సాయంత్రం ఐదు నుంచి రాత్రి దాకా మీరు చేసే పనులు లెక్కేశాను: పాలు, కేంద్రం, బంద, వంట, బాబు చదువు, ఫోను. వీటిలో బాతులు ఒక్కటే ఎదురు తిరిగినవి, అందుకని దెబ్బలు వాటికి తగిలాయి. మిమ్మల్ని తప్పు పట్టడం లేదు. కానీ ఈ చిట్టాలోంచి ఒకటి తియ్యకుండా "ఓపిగ్గా అలవాటు చెయ్యండి" అంటే, అది ఉత్తి మాట.

అందుకే తల్లి పని ఎవరిదన్నది దాచిపెట్టాను. అత్తగారికి ఇవ్వండి. మోకాళ్ల నొప్పులతో బందకు వెళ్లలేరని రాశారు. వెళ్లక్కర్లేదు. ఐదింటికి గూటి పక్కన పీట వేసుకుని కూర్చుని బకెట్టు వాయించి పిలవడానికి మోకాళ్లు అక్కర్లేదు. బాతులు ఎవరు మేత పెడితే వాళ్ల మాట వింటాయి, కాబట్టి పెట్టేదీ ఆవిడే అవ్వాలి, మధ్యలో మీరు కలగజేసుకోకూడదు. ఎలా అడుగుతారన్నది మీ ఇష్టం. "నాకు చేతకాలేదు, మీరు చూపించండి" అంటే ఆవిడ ముఖం వెలగొచ్చు, మీకు మాత్రం గొంతులో అడ్డుపడుతుంది. కోడిపెట్ట సంగతి అడిగి ఆవిడ చెప్పేదంతా విని, "అయితే ఇప్పుడు ఆ పెట్ట పని మీరే చెయ్యాలి" అని నవ్వేస్తే ఇంకా తేలికేమో. ఆవిడ ఒప్పుకోకపోవచ్చు కూడా. అప్పుడు పిలుపు మీది, సాయంత్రం పాలు కేంద్రానికి తీసుకెళ్లే మనిషిని వెతకాలి. పక్కింటి వాళ్లు అటే వెళ్తుంటే క్యాను ఇచ్చి పంపడం పెద్ద సాయమేమీ కాదు. భర్తతో కూడా సాయంత్రం ఫోను ఎనిమిదికి మార్చమనండి. అరగంట పని మధ్యలో ఫోను మోగడం కూడా ఒక తరమడమే.

ఈ వేసవికి అత్తగారి కోళ్లలో ఏదైనా పొదుగుకు కూర్చుంటే దాని కింద మూడో నాలుగో బాతు గుడ్లు పెట్టి చూడండి. మగది ఉంది కాబట్టి గుడ్లు పిల్లలవుతాయి. కాకీ క్యాంప్‌బెల్ తనంతట తాను పొదగదు, పెట్టే దిక్కు. వచ్చే ఏటికి పెట్ట చేసిన అలవాటుకీ మీ అత్తగారు చేసిన అలవాటుకీ తేడా ఏమిటో నాకు రాయండి, నాకూ తెలుసుకోవాలని ఉంది.

బాబుకి ఒక పని మిగిల్చాను. గొళ్లెం వేశాక టార్చి పెట్టి లోపల ఆరూ ఉన్నాయో లేదో రోజూ లెక్కపెట్టి చెప్పాలి. ఏది లేదో పేరుతో సహా చెప్పగలిగేది ఆ ఇంట్లో వాడొక్కడే.